కలిసి వెలిగే ప్లాస్టిక్కులు



దేశానికి రైలు పట్టాలు తయారుచేసి ఇచ్చే ఊరు భిలాయి. అక్కడి తొలి బ్లాస్ట్ కొలిమి 1959లో ప్రారంభమైంది. ఉక్కు కర్మాగారం కొరకు తెలుగువారు సహా అన్ని ప్రాంతాలవారు తరలివచ్చిన ఆ పట్టణంలో, స్మృతి నగర్ పిల్లవానికి విద్యుత్తును మోసేది లోహమనీ, తీగపై తొడుగు మాత్రమే ప్లాస్టిక్ అనీ తోచడం సహజమే.

ఈ భావన 1977లో తారుమారైంది. పాలీఎసిటిలీన్ పొరకు అయోడిన్ ఆవిరి సోకగా దాని వాహకత సుమారు కోటి రెట్లు పెరిగినట్లు షిరకావా, మాక్‌డయర్మిడ్, హీగర్ ప్రకటించారు. వారికి 2000లో నోబెల్ బహుమతి లభించింది. 1990లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు పీపీవీ అనే పాలిమర్ చేత వెలుగును వెలువరింపజేశారు.

అయితే ఒంటరి పాలిమర్‌తో సౌరఘటం సాగదు. కాంతి సోకినపుడు అందులో ఎలక్ట్రాన్, రంధ్రం జంటగా పుడతాయి. సుమారు 10 నానోమీటర్ల దూరంలోపల ఆ జంట విడిపోకున్న తిరిగి కలిసిపోయి శక్తి వృథా అవుతుంది. కాంతిని పీల్చుటకేమో పొర మందం 100 నానోమీటర్లయినా ఉండాలి! ఈ చిక్కును మిశ్రమమే విప్పింది. ఎలక్ట్రాన్‌ను ఇచ్చే పదార్థాన్నీ, పుచ్చుకొనే పదార్థాన్నీ ఒకే ద్రావణిలో కరిగించి పూతపూస్తే, జంట ఎక్కడ పుట్టినా సరిహద్దు చేరువలోనే ఉంటుంది. పీపీవీ జాతి పాలిమర్ నుండి సి-60 అణువుకు ఎలక్ట్రాన్ ఇట్లు మారడాన్ని 1992లో సరిచిఫ్ట్చి, హీగర్ బృందం నిరూపించింది. 1995 నాటికి అట్టి మిశ్రమంతో ఘటాలే తయారైనవి. కాని ఇది పప్పులో ఉప్పు కలిసినంత సులభం కాదు. రెండూ మరీ కలిసిపోతే ఆవేశాలకు ఎలక్ట్రోడ్ దాకా దారి దొరకదు. మరీ వేరుపడితే జంటలు సరిహద్దును చేరవు.

దీపంలో అవసరం తలక్రిందులు. అక్కడ ఎలక్ట్రాన్, రంధ్రం కలిస్తేనే వెలుగు. నీలికాంతినిచ్చే పాలిమర్‌లో ఎరుపు, పసుపు కాంతులనిచ్చే పాలిమర్లను చిటికెడు కలిపితే శక్తి వాటికి బదిలీ అవుతుంది. పాళ్ళు కుదిరితే తెల్లని వెలుగూ సాధ్యమే.

ఇక మన్నిక మాట. 2020 దశకంలో ప్రయోగశాలల చిన్న ఘటాలు 19 శాతం సామర్థ్యాన్ని దాటినవి. కాని మిద్దెపై సిలికాన్ పలకకు 25 ఏళ్ళ హామీ ఇవ్వడం నేడు పరిపాటి. ఛత్తీస్‌గఢ్ వేసవి ఎండకు పాలిమర్ మిశ్రమం లోలోపల మెల్లగా వేరుపడుతుంది. తేమ, ఆక్సిజన్ చొరబడితే మరింత త్వరగా చెడుతుంది. శాతాల పోటీకన్న ఇదే పెద్ద పరీక్ష. పత్రికను అచ్చువేసినట్లు చుట్టలు చుట్టలుగా పూతపూయగల చౌకదనమే ఈ పదార్థాల బలం. తేమను ఆపే పైపొరకయ్యే ఖర్చు ఆ చౌకదనాన్నే తినివేయగలదు.