గట్టినేల మీది చక్రము



దీపావళి ముందటి దండారి దినములలో ఆదిలాబాదు గోండు గూడెముల యందు గుస్సాడి నృత్యములు జరుగునని మీరెరుగుదురు. ఆ పాటలను ధ్వనిముద్రణ చేయుటకై ఒక సంవత్సరము మేము ఉట్నూరు దాటి ఒక గూడెమునకు బయలుదేరితిమి. వాహనము మా మిత్రుని పాత జీపు. వెనుక చక్రములు మాత్రమే బండిని త్రోయు రకము. ముందురాత్రి వాన కురిసియుండెను. బాటకు ఎడమవైపు నల్లరేగడి, కుడివైపు మొరము. ఎడమ చక్రము రేగడిలో దిగినది. ఇంజను వేగమును ఎంత పెంచినను ఆ చక్రమే గిర్రున తిరిగి బురద చిమ్ముచుండెను. కుడి చక్రము మొరముపై కదలక మెదలక నిలిచియుండెను.

గూడెమునుండి వచ్చిన పెద్దాయన ఒకరు చాలసేపు చూచి, "సారూ, గట్టినేల మీది గిర్ర ఉత్తగనే ఉన్నది. బురదల ఉన్నదే తిరుగుతున్నది. బలమంత దానికే ఎందుకు ఇస్తున్నరు?" అని అడిగిరి. మాకు సమాధానము తోచలేదు. వారి ఎడ్లే జీపును బయటికి లాగినవి. మేము చేరుసరికి అతిథులుగా వచ్చిన దండారి బృందము వీడ్కోలు తీసుకొని మరలిపోయినది. ఆ పాట మా టేపునకు ఎక్కలేదు. మాకు పోయినది పాట మాత్రమే. అటువంటి బాటలపైననే రోగులను, నొప్పులు పడు తల్లులను ఆసుపత్రికి కొనిపోవలసియుండును. కనుక ఆ పెద్దాయన ప్రశ్నకు సరియైన సమాధానము వెదకుట మా విధియని తలచితిమి.

మొదట ఎడ్లబండిని తలచుకొందము. బండిని లాగునవి ఎడ్లు; చక్రములు ఇరుసుపై దేనికది స్వేచ్ఛగా తిరుగును. మలుపులో వెలుపలి చక్రము ఎక్కువ దూరము, లోపలి చక్రము తక్కువ దూరము నడచును. ఏ చిక్కును లేదు. మోటారు వాహనమున ఇంజనే చక్రములను త్రిప్పవలెను. రెండు చక్రములను ఒకే ఇరుసునకు బిగించి త్రిప్పినచో ఏమగును? చక్రముల నడుమ దూరము 1.4 మీటర్లని అనుకొందము. బండి సమకోణముగా ఒక వీధి మలుపు తిరిగినచో, వెలుపలి చక్రము లోపలి దానికంటె సుమారు 2.2 మీటర్లు అధికముగా నడువవలెను. మలుపు ఇరుకైనను విశాలమైనను ఈ తేడా మారదు. ఇరుసు ఒక్కటేయైనచో ఏదో ఒక టైరు నేలపై ఈడ్చుకొని పోవలసినదే. పెద్దపల్లి, రామగుండము, మంచిర్యాల మీదుగా పోవు రైళ్ల చక్రములు జంటలుగా ఇరుసునకు బిగింపబడియే యుండును. కాని వాటి అంచులు కొంచెము ఏటవాలుగా చెక్కబడియుండుటచే పట్టాల వంపులలో సర్దుకొనును. మన రోడ్లకు పట్టాలు లేవు గదా!

ఈ చిక్కును తీర్చుటకే వెనుక ఇరుసు నడుమ డిఫరెన్షియల్ అను పండ్ల చక్రముల పెట్టె నమర్చిరి. వీధిలో తిరుగు ఆటోరిక్షాకును అది కలదు. 1820ల చివర ఫ్రాన్సు దేశమున ఒనెసిఫోర్ పెకర్ అను గడియారముల నిపుణుడు ఆవిరి బండికై దీనిని రూపొందించెను. దీని పని తెలియుటకు కావడిని చూడుడు. కావడి బద్ద మోయువాని భుజముపై నడుమ ఆనియుండును. రెండు కొనల సమానమైన బరువు ఉన్నంతసేపు నిలుచును. ఒక కుండ తీసివేసి భుజము పైకెత్తినచో, ఖాళీ కొన లేచునే గాని నిండుకుండ లేవదు. డిఫరెన్షియల్‌లోని చిన్న పండ్ల చక్రమును అట్టి కావడి బద్దయే. అది రెండు చక్రములకును ఎల్లప్పుడు సమానమైన బలమునే పంచును. ఎడమ చక్రము బురదలో పది పాళ్ల బలమునకే జారిపోయినచో, కుడి చక్రమునకును పది పాళ్లే చేరును. మొరముపై దానికి ఎంత పట్టు ఉన్నను ఉపయోగము లేదు. కనుక పెద్దాయన కంటికి కనబడినట్లు బురద చక్రమునకు బలమంతయు పోవుట లేదు. దానికి వేగము మాత్రమే పోవుచున్నది. బలహీనుని శక్తియే బలవంతునికి హద్దగుచున్నది.

పందెపు కార్లవారికిని ఈ బాధయే కలిగినది. మలుపులో వేగముగా పోవునపుడు కారు బరువు వెలుపలివైపునకు ఒరగును. లోపలి వెనుక చక్రము తేలికయై వృథాగా తిరుగును. 1930ల మధ్యకాలమున జర్మనీలో ఫెర్డినాండ్ పోర్షే రూపకల్పన చేసిన ఆటో యూనియన్ పందెపుకారు బలమునకు ఇట్లే చక్రము జారుచుండగా, జడ్.ఎఫ్. సంస్థ జారుడును మితపరచు డిఫరెన్షియల్‌ను దానికై తయారుచేసినది. ఇట్టి డిఫరెన్షియల్‌లలో ఒక రకమున పెట్టె లోపల పలుచని ఉక్కు బిళ్లలు వరుసగా పేర్చబడియుండును. ఒకటి విడిచి ఒకటి పెట్టెతోను, తక్కినవి ఇరుసుతోను తిరుగును. రెండు చక్రముల వేగములలో తేడా హెచ్చినపుడు ఈ బిళ్లల రాపిడి జారు చక్రమును అడ్డగించి నిలిచిన చక్రమునకు అదనపు బలము నిచ్చును. బిళ్లలు లేకయే మెలిపండ్ల చక్రముల ఒత్తిడితో పనిచేయు మరియొక రకమునకు 1958లో అమెరికాలో వెర్నన్ గ్లీజ్‌మన్ పేటెంటు పొందెను. అట్టి అమరిక మూడింతల బలమును పంచగలదైనచో, జారు చక్రము పది పాళ్లు భరించునపుడు నిలిచిన చక్రమునకు ముప్పది పాళ్లు చేరును. జారు చక్రము గాలిలోనే లేచిపోయినచో సున్నకు మూడింతలు సున్నయే అని మరువరాదు.

మా మిత్రుడు తన జీపునకు బిళ్లల రకమును తెప్పించి, కరీంనగరములోని ఒక షెడ్డున బిగింపించెను. మేము ప్రక్కన కూర్చుండి చూచితిమి. మేస్త్రి మొదట చదునైన నేలపై బండి నిలిపి, ముందు చక్రములకు అడ్డుకట్టెలు పెట్టి, వెనుక భాగమును గట్టి స్టాండులపై నిలిపెను. పాత నూనె తీసి, రెండువైపుల ఇరుసులను బయటికి లాగెను. బేరింగులను పట్టియుంచు మూతలపై ఎడమ, కుడి గుర్తులు పెట్టెను. అవి తారుమారైనచో సరిగా కూర్చుండవట. పెద్ద పండ్ల చక్రమగు క్రౌన్‌ను క్రొత్త పెట్టెకు బిగించునపుడు బోల్టులను వరుసగా గాక, ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా బిగించెను. క్రౌన్, పినియన్ జంటగా అరుగునవి. ఒకదానిని విడిచి ఒకటి మార్చరాదని చెప్పెను.

అసలు పని అటుపిమ్మట మొదలైనది. పండ్ల నడుమ ఉండవలసిన సందు మిల్లీమీటరులో ఐదవ వంతు కూడ ఉండదు. సందు తక్కువైనచో పండ్లు వేడెక్కి చెడును. ఎక్కువైనచో బండి కూయును. మేస్త్రి కాగితమువంటి పలుచని రేకులను బేరింగుల ప్రక్కన చేర్చుచు, తీయుచు, డయల్ గేజితో కొలుచుచు నుండెను. పండ్లకు రంగు పూసి త్రిప్పి, అచ్చు పంటి నడుమ పడినదా, అంచున పడినదా అని చూచెను. నాలుగుమార్లు విప్పి నాలుగుమార్లు బిగించెను. పిమ్మట ఈ రకమునకు తగిన ప్రత్యేకపు నూనె పోసి, ఖాళీ మైదానమున ఎనిమిది అంకె ఆకారమున మెల్లగా బండిని త్రిప్పించెను. బిళ్లలు ఒకదానికొకటి అలవాటుపడుటకే ఆ ప్రదక్షిణము. కొన్నాళ్లకు ఆ నూనెను మార్చవలెను. వెనుక టైర్లు రెండును ఒకే కొలతవిగా ఉండవలెను.

ఇచట ఒక హెచ్చరిక మీ ఇంటివారందరును వినవలసియున్నది. మామూలు జీపును జాకీతో ఒక ప్రక్క ఎత్తి గేరు వేసినచో లేచిన చక్రము మాత్రమే తిరుగును. ఈ క్రొత్త అమరిక గల బండిలో నేలపై నున్న చక్రమునకు బలము చేరి, బండి జాకీ మీదినుండి దూకును. క్రింద మనిషి ఉన్నచో ప్రాణమే పోవును. ఒక చక్రము నేలపై నుండగా ఇంజనుతో త్రిప్పి చూడరాదు.

కరీంనగరము రైతులకు ఈ సంగతి క్రొత్త కాదు. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరామసాగరము నీరు కాకతీయ కాలువ ద్వారా చేరు పొలములలో దమ్ముచేయు ట్రాక్టరునకు డిఫరెన్షియల్ తాళపు పెడలు కలదు. అది రాపిడితో మితపరచుట గాదు. రెండు చక్రములను పూర్తిగా ఒకటి చేయుట. నేరుగా పోవునపుడు బురదనుండి గట్టెక్కించును. తాళము వేసియుండగా మలుపు తిప్పినచో ట్రాక్టరు తిరుగక నేరుగా పోవును. గట్టున బావి ఉన్నచో అపాయము. కనుక మలుపునకు ముందే పెడలు విడువవలెను. ట్రాక్టరు వెనుక చక్రములకు విడివిడిగా బ్రేకులు కలవు. జారు చక్రపు బ్రేకును కొంచెముగా నొక్కినచో రెండవదానికి బలము చేరును. నేటి కార్లలో ఎలక్ట్రానిక్ యంత్రము చేయునది ఆ ఉపాయమే.

మరుసటి యేడు దండారికి అదే బాటన పోయితిమి. ఎడమ చక్రము రేగడిలో జారెను, కుడి చక్రము మొరమును పట్టెను, జీపు గట్టెక్కెను. ఆ పెద్దాయనకు కావడి సామ్యముతో అంతయు వివరించితిమి. ఆయన తలయూచి, "ఇప్పుడు రెండెడ్లు గుంజుతున్నయి సారూ" అనిరి. మేము రాసిన దానికంటె అదియే మంచి సమాధానము. ఈ మారు పాట దొరికినది. కాని మరలివచ్చునపుడు వాగు దిగువన రెండు చక్రములును ఒకేమారు బురదలో దిగినవి. రెంటికిని పట్టు లేనిచోట పంచుటకేమున్నది? ఆ పెద్దాయన నవ్వుచు పోయి తన ఎడ్లను తోలుకొని వచ్చిరి.

ఇక సెలవు.