ఒంటరి తల్లి, బిడ్డ చేతి ఫోను
(ఒక పఠనమందిరమున చేసిన ప్రసంగపు పాఠము)



పూర్వము బిడ్డ వీధిలోనికి పోయినచో తల్లి గడపలో నిలిచి చూచెడిది. పరాయివాడు పలుకరించినచో ఇరుగుపొరుగువారు నీవెవడవని అడిగెడివారు. నేడు బిడ్డ మంచము దిగకయే, దుప్పటిక్రింద వెలుగు తెరగుండ, మొదలును తుదియు లేని వీధిలోనికి పోవుచున్నాడు. అచ్చట వానిని పిలిచినవారెవరో పక్కగదిలోని తల్లికి తెలియదు. ఇద్దరు పెద్దలున్న ఇంటనే ఈ కాపుదల కష్టము. ఒక్కరే సంపాదించి, ఒక్కరే వండి, ఒక్కరే బిడ్డను పెంచు ఇంటి మాట యేమి? నేటి నా మనవి ఆ యింటిని గూర్చియే.

అట్టి యిండ్లు కొన్నియే యని తలంపకుడు. భర్తను కోల్పోయినవారు, విడువబడినవారు, భార్య లేక బిడ్డలను సాకు పురుషులు ప్రతి పేటలోను గలరు. జగిత్యాల, నిజామాబాదు, కడప ప్రాంతములలో భర్త గల్ఫు దేశమున నుండగా ఏండ్ల తరబడి తల్లియు తండ్రియు తానేయైన ఇల్లాండ్రు గలరు. తెలంగాణ ప్రభుత్వము 2017లో ఒంటరి స్త్రీలకు పింఛను నేర్పరచినది. అనగా వారి భారము రాజ్యమునకును కానవచ్చినదన్న మాట.

“ఫోను లాగుకొనుడు” అనుట సులభము. కాని 2020లో బడులు మూతపడినప్పుడు ఆ ఫోనునే పలకగా బిడ్డ చేతికిచ్చినది మనమే. పనికి పోయిన తల్లికి బిడ్డ ఇల్లు చేరినదా లేదా యని తెలిసికొనుటకును అదియే సాధనము. కావున లాగుకొనుట ఉపాయము కాదు. అపాయము వచ్చు త్రోవ నెఱుగవలెను.

ఆ త్రోవ తఱచుగా ఇట్లుండును. ఆటలో ఒక స్నేహితుడు దొరకును. వాడు తన యీడు బాలుడనని చెప్పును, పొగడును, చిన్న కానుక నిచ్చును. పిమ్మట ఆట విడిచి వేఱొక యాప్‌లో ఏకాంతముగా మాటలాడుదమనును. ఒక ఫోటో అడుగును. అది చేజిక్కిన నాడు స్వరము మారును: “డబ్బు పంపుము, లేదా మఱియొక ఫోటో పంపుము, లేకున్న అందఱకును చూపుదును.” వాని మూలధనమంతయు బిడ్డ మౌనమే. ఒంటరి తల్లి బిడ్డ ఆ మౌనమును భయముచేతనే గాక ప్రేమచేతను పాటించును. అమ్మకున్న కష్టములు చాలవా, దీనిని గూడ మోపుదునా యని తలంచును. ఈ ప్రేమయే ఆ దుర్మార్గునకు తోడ్పడుచున్నది.

కావున మొదటి కట్టడి బిడ్డకు గాదు, పెద్దకు. “ఏమి జరిగినను నాతో చెప్పుము, చెప్పినందులకు తిట్టను, కొట్టను, ఫోను లాగుకొనను” అని ముందుగానే మాట యిచ్చి, ఆ మాట నిలుపుకొనవలెను. ఇది గారాబము కాదా యని కొంద ఱడుగుదురు. కాదు. తప్పును దిద్దుటకు వేఱు సమయము గలదు. చెప్పినందుకు శిక్షించిన తల్లి, మఱియొకసారి చెప్పవలదని బిడ్డకు నేర్పినట్లే.

రెండవది ఇంటి నియమము. రాత్రి ఫోనులన్నియు, తల్లి ఫోనుతో సహా, వంటయింటి అరమీద నుండవలెను. డబ్బు చెల్లించు పిన్ను బిడ్డకు చెప్పరాదు. ఆండ్రాయిడు ఫోనులో ఫ్యామిలీ లింక్, ఐఫోనులో స్క్రీన్ టైమ్ అను సాధనములు వెల లేకయే లభించును. వేళకు హద్దు పెట్టుటకును, క్రొత్త యాప్‌లకు అనుమతి నిచ్చుటకును పనికివచ్చును. ఐనను కంచె కంచెయే గాని కన్ను కాదు.

మూడవది రెండవ పెద్ద. మేనమామయో, పిన్నియో, పంతులమ్మయో, తల్లితో చెప్పలేనిది చెప్పుకొనుటకు ఒకరుండవలెను. ఆ యొకరిని బిడ్డయే ఎన్నుకొనవలెను. తల్లి వారితో ముందే మాటలాడి యుంచవలెను.

బెదిరింపు వచ్చియే యున్నచో డబ్బు పంపరాదు, బదులు పలుకరాదు, సందేశములు చెఱపరాదు, అవియే సాక్ష్యము. సొమ్ము పోయినచో వెంటనే 1930కిని, బిడ్డకు సహాయము వలసినచో 1098కిని ఫోను చేయవచ్చును. పోలీసుస్టేషను పేరు విని తల్లులు వెనుదీయుదురు. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము బిడ్డ వాంగ్మూలమును బిడ్డ ఇంటనో, బిడ్డ కోరినచోటనో తీసికొనవలెను. వీలైనంతవఱకు మహిళా అధికారిణియే తీసికొనవలెను. ఆ వేళ పోలీసు దుస్తులు ధరింపరాదు. బిడ్డ పేరు పత్రికల కెక్కరాదు. ఇది దయ కాదు, హక్కు.

ఇక ఈ కాపుదల నంతయు ఒక్క తల్లి తలమీద బెట్టుట న్యాయము కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లలోపు వారి సమాచారమునకు తల్లిదండ్రుల అనుమతి వలయుననియు, బాలల జాడలు పట్టి వారిపై ప్రకటనలు గురిపెట్టరాదనియు శాసించినది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. ఈ విధుల అమలునకు 18 నెలల గడువీయబడినది. తండ్రి సంతకము లేక తల్లి అనుమతి చెల్లునా యని శంకింప నక్కఱలేదు. తండ్రి బాధ్యత వహింపనిచోట తల్లియే సహజ సంరక్షకురాలని సుప్రీంకోర్టు 1999లోనే చెప్పినది. ఆస్ట్రేలియాలో 16 ఏండ్లలోపు వారికి సోషల్ మీడియా ఖాతాలను నిషేధించిన చట్టము 2025 డిసెంబరు 10న అమలునకు వచ్చినది. జరిమానా కంపెనీలకే, బిడ్డకు గాని తల్లికి గాని లేదు. నిషేధము మంచిదా యను చర్చ యెట్లున్నను, బాధ్యతను లాభము పొందువానిపై నుంచుట సబబు.

చివరగా ఈ సభలోని వారి కొక మాట. బిడ్డకు కీడు జరిగినదని విన్నప్పుడు మన నోట మొదట వెలువడు ప్రశ్న “తల్లి యేమి చేయుచున్నది?” అని. ఆమె పనిలో నున్నది. మనము అడుగవలసిన ప్రశ్న “మేమేమి చేయగలము?” అని. సాయంకాలము ఒక గంట ఈ పఠనమందిరము తలుపులు పిల్లలకు తెఱచి, వారి మాట వినుటకు ఒక పెద్దను కూర్చుండబెట్టుడు. ఆ తల్లికి కావలసినది మన జాలి కాదు, రెండవ జత కన్నులు.