గగనమార్గంలో మాటలు

రైలులో పోయేవానికి తన ప్రయాణం ఎట్లా సాగుతున్నదో కొంతవరకు తెలుస్తూనే ఉంటుంది. కిటికీ దగ్గర కూర్చుంటే సిగ్నలు కనబడుతుంది, గార్డు ఊపే పచ్చజెండా కనబడుతుంది. బండి ఊరి బయట ఆగిపోతే, లైను ఇవ్వలేదని ఎదుటి బల్లమీది పెద్దమనిషి చెపుతాడు. విమానంలో ఈ సదుపాయం లేదు. పట్టీ బిగించుకొమ్మంటారు, బిగించుకొంటాము. ఇక దిగేవరకు మనం ఏ దారిన పోతున్నామో, ఎవరు పొమ్మంటే పోతున్నామో మనకు తెలియదు. 35,000 అడుగుల ఎత్తున, గీత గీయని ఆకాశంలో, ముందు వెనుకల ఇంకెన్నో విమానాలు తిరుగుతూ ఉండగా, మన విమానానికి దారి చూపేదెవరు? చూపేది ఒక గొంతు. నేలమీద ఎక్కడో చీకటి గదిలో, తెర ముందు కూర్చున్న మనిషి గొంతు.

ఆ గొంతును ప్రయాణికులు కూడా వినవచ్చునని అమెరికాలోని యునైటెడ్ ఎయిర్‌లైన్స్ సంస్థ ఒక ఏర్పాటు చేసినది. సీటు చేతిలో పాటలు వినేందుకు ఉండే మీటల్లో తొమ్మిదవ చానల్‌కు తిప్పితే, పాటకు బదులు పైలట్లకూ నేలమీది కంట్రోలర్లకూ జరిగే సంభాషణ వినబడేది. కాక్‌పిట్‌లో పైలట్లు తమలో తాము అనుకొనే మాటలు కావు, రేడియో మీద పోయే మాటలు మాత్రమే. అదైనా కెప్టెన్ ఇష్టం. ఆయనకు సమ్మతం కాకుంటే చానల్ మూగపోయేది. చాలా ఏళ్ళు సాగిన ఈ ఏర్పాటు, కొత్త రకం తెరలు వచ్చిన కొద్దీ విమానాలలో క్రమంగా తగ్గిపోయినది. ఆ దేశంలో ఉన్న పిల్లలను చూడబోయిన మన తల్లిదండ్రులలో కొందరైనా, పాటల కోసం మీటలు తిప్పుతూ ఆ చానల్‌ను తాకి, ఏదో గొణుగుడు అనుకొని దాటిపోయి ఉంటారు. కొన్నేళ్ళ క్రితం చికాగో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పోతూ మేము దానిని దాటిపోలేదు. మాటలు చెప్పి బ్రతికే వృత్తిలో ఉన్నవారము గనుక, ఇతరులు మైకు ముందు ఎట్లా మాట్లాడతారో వినాలని మాకు ఆశ.

మొదటి పావుగంట ఒక్క ముక్క బోధపడలేదు. అన్నీ అంకెలే. తరువాత క్రమంగా ఒక పద్ధతి కనబడసాగినది. విమానం నేలమీద కదిలేటప్పుడు ఒక అధికారి, పైకి లేచేందుకు అనుమతి ఇచ్చేది ఇంకొకరు, లేచిన తరువాత ఊరి పొలిమేర దాటించేది మరొకరు. అక్కడినుంచి చికాగో సెంటర్, మినియాపొలిస్ సెంటర్, డెన్వర్ సెంటర్, సాల్ట్‌లేక్ సెంటర్, ఓక్లండ్ సెంటర్ అంటూ ఒకరి చేతిలోనుంచి ఒకరి చేతిలోకి విమానం మారుతూ పోతుంది. ఫలానా ఫ్రీక్వెన్సీకి మారండి అని పాత గొంతు అంటుంది. పైలట్ ఆ అంకెను తిరిగి చెప్పి, సెలవు తీసుకొని, కొత్త గొంతుకు తన పేరూ ఎత్తూ చెప్పుకొంటాడు. పూర్వం మన తపాలా రన్నరు తన మజిలీ చేరి సంచీని రెండవ రన్నరు భుజాన పెట్టేవాడు. ఇదీ అట్లాంటిదే. విమానానికి దిక్కు లేని నిమిషం ఒకటి కూడా కనబడలేదు.

ముందు పోయిన విమానం వారు, ఇక్కడ కుదుపులున్నవని చెపుతారు. వెనుక వచ్చేవారు, ఏ ఎత్తున పోతే నిమ్మళంగా ఉంటుందని అడుగుతారు. ఆ మాట విన్న కాసేపటికి మన ముందున్న కాఫీ కప్పు వణకసాగుతుంది. ఇతర ప్రయాణికులు ఉలిక్కిపడతారు. మనం మాత్రం, చెప్పిన చుట్టం చెప్పిన వేళకు వచ్చినట్లు ఊరుకొంటాము.

ఈ సంభాషణ సాగే రేడియో మన ఇళ్ళలోని రేడియోకు దూరపు బంధువేమీ కాదు. మన ఎఫ్.ఎం. కేంద్రాలు 108 మెగాహెర్ట్జ్ వరకు ఉంటే, విమానాల మాటలు దానికి కొంచెం పైన, 118 నుంచి 137 వరకు సాగుతవి. కాని ఒక భేదమున్నది. మేము చెపుతాము, మీరు వింటారు. అక్కడ చెప్పిన ప్రతివాడూ వినవలెను, విన్న ప్రతివాడూ తిరిగి చెప్పవలెను. ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఎందరో ఉంటారు గనుక ఒకరు మాట్లాడేటప్పుడు తక్కినవారు ఊరకుండవలెను. మాటలు పొదుపు. తొమ్మిదిని ‘నైన్’ అనక ‘నైనర్’ అంటారు, అయిదును ‘ఫైఫ్’ అంటారు, చప్పుడులో ఒకటి ఇంకొకటిగా వినబడకుండా. అక్షరాలకు ఆల్ఫా, బ్రావో, చార్లీ అని 1956లో అన్ని దేశాలకూ ఒకే వరుస ఏర్పరచినారు. టెలిఫోనులో ఇంటిపేరు చెప్పేటప్పుడు, ‘బి అంటే బొంబాయి, డి అంటే ఢిల్లీ’ అని మనవారు అనడంలేదా? అదే యుక్తి.

అన్నిటికంటె ముఖ్యమైనది తిరిగి చెప్పుట. ఇంత ఎత్తుకు దిగండి అని కంట్రోలర్ అంటే, సరే అంటే చాలదు. ఇంత ఎత్తుకు దిగుతున్నాము అని పైలట్ అంకెతో సహా చెప్పవలెను. అది సరిగా ఉన్నదో లేదో కంట్రోలర్ చెవి పెట్టి వినవలెను. వేదపాఠశాలలో సంథ చెప్పే విధానం తెలిసినవారికి ఇది వింత కాదు. గురువు అన్నది శిష్యుడు అంటాడు, స్వరం తప్పితే గురువు అక్కడే ఆపుతాడు. ఆకాశంలోనూ అంతే. అక్కడ స్వరం తప్పితే ప్రాణాలు పోతవి.

ఎట్లా పోతవో 1977 మార్చి 27న లోకానికి తెలిసినది. కెనరీ దీవులలోని టెనరిఫే విమానాశ్రయంలో పొగమంచు కమ్మి ఉన్నది. రన్‌వే ఒక కొసన కె.ఎల్.ఎం. వారి జంబో విమానం ఎగరడానికి సిద్ధంగా ఉన్నది. అదే రన్‌వే మీద పాన్ ఆమ్ వారి జంబో ఇంకా నడుస్తున్నది. మంచులో ఒకరికొకరు కనబడరు. కె.ఎల్.ఎం. పైలట్ ‘టేకాఫ్‌లో ఉన్నాము’ అనే అర్థం వచ్చేటట్లు ఒక మాట అన్నాడు. ఎగరబోయే చోట నిలిచి ఉన్నామనీ అనుకోవచ్చును, ఎగురుతున్నామనీ అనుకోవచ్చును. కంట్రోలర్ మొదట ‘ఓకే’ అన్నాడు, తరువాత ఆగండి, నేను పిలుస్తానన్నాడు. సరిగా ఆ క్షణాననే పాన్ ఆమ్ వారు, మేమింకా రన్‌వే మీదనే ఉన్నామన్నారు. రెండు గొంతులు ఒక్కసారి రేడియో మీద పడినవి. కె.ఎల్.ఎం. కాక్‌పిట్‌లో ఆ మాటల మీద కీచుమనే చప్పుడు కమ్మినది. 583 మంది మరణించారు. విమానయాన చరిత్రలో ఇంతటి ప్రమాదం వేరొకటి లేదు. ఆ తరువాత ‘టేకాఫ్’ అనే మాటను, ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడూ దానిని రద్దుచేసేటప్పుడూ తప్ప వాడకూడదని కట్టడి చేసినారు. ఒక మాటకు ఒకే పని. నిఘంటువులో ఆ మాటకు ఎన్ని అర్థాలైనా ఉండనీ.

తిరిగి చెప్పినంత మాత్రాన పని పూర్తి కాదని మన దేశమే చూసినది. 1996 నవంబరు 12న, ఢిల్లీకి పడమటగా చర్ఖీ దాద్రీ మీద, ఎక్కుతున్న సౌదీ విమానం, దిగుతున్న కజకస్తాన్ విమానం ఢీకొన్నవి. సౌదీ విమానాన్ని 14,000 అడుగుల వద్ద, కజక్ విమానాన్ని 15,000 అడుగుల వద్ద ఉండమన్నారు. కజక్ విమానం చెప్పిన ఎత్తును దాటి కిందికి దిగినది. 349 మంది పోయినారు. ఎదుటి విమానం దగ్గరపడితే తానే హెచ్చరించే యంత్రాన్ని అటుతరువాత మన ఆకాశంలో తప్పనిసరి చేసినారు.

ఇంకొక సంగతి మన స్వభావానికి మరీ దగ్గరిది. 1990 జనవరి 25న కొలంబియానుంచి న్యూయార్కు వచ్చిన అవియాంకా విమానాన్ని, వాతావరణం బాగుండక, గంటకు పైగా ఆకాశంలో నిలిపి ఉంచినారు. ఇంధనం తరిగిపోతున్నది. మాకు ప్రాధాన్యం ఇవ్వండి, ఇంధనం అయిపోతున్నది అని కోపైలట్ అన్నాడు. కాని ‘అత్యవసర పరిస్థితి’ అనే మాట అనలేదు. ఆ మాటకు కంట్రోలర్లు తక్కిన విమానాలన్నిటినీ పక్కకు తప్పిస్తారు. దానికి తక్కువైన మాటకు అంత బలం లేదు. మొదటిసారి దిగడం కుదరక చుట్టి వస్తుండగా ఇంజన్లు ఆగిపోయినవి. 73 మంది మరణించారు. గుండెలో పోటు వస్తున్నా డాక్టరుతో ‘కొంచెం నలతగా ఉందండీ’ అనే పెద్దలు మన ఇళ్ళలో లేరా? మర్యాద మంచిదే. కాని ఆపదలో ఆపద అనే మాటనే వాడవలెను.

సూటి మాట ఎట్లా ఉంటుందో 2009 జనవరి 15న న్యూయార్కులోనే వినబడినది. లాగార్డియా నుంచి లేచిన విమానానికి పక్షులు తగిలి రెండు ఇంజన్లూ పోయినవి. కంట్రోలర్ ఒకదాని తరువాత ఒకటి రన్‌వేలు చూపుతున్నాడు. కెప్టెన్ సలెన్‌బర్గర్ సంజాయిషీలు చెప్పలేదు, సాధ్యం కాదు అనే ఒక్క మాట అన్నాడు. చివరకు హడ్సన్ నదిలో దిగుతామన్నాడు, దిగినాడు. 155 మందీ బ్రతికినారు.

ఇవన్నీ ప్రయాణికుల చెవిని వేయవచ్చునా అని అడిగేవారున్నారు. భయపడతారని వారి శంక. మా అనుభవం వేరుగా ఉన్నది. శాన్‌ఫ్రాన్సిస్కోలో పక్కపక్కనున్న రెండు రన్‌వేల నడుమ దూరం 750 అడుగులు మాత్రమే. ఆనాడు మేము దిగుతూ ఉండగా కిటికీ బయట, మాతో సమంగా దిగుతూ ఇంకొక విమానం కనబడినది. మా పక్కనున్న ఆమె కుర్చీ చేతిని గట్టిగా పట్టుకొన్నది. మేము అప్పటికే విన్నాము: కుడివైపున ఫలానా విమానమున్నది, కనబడుతున్నదా అని కంట్రోలర్ అడిగినాడు, కనబడుతున్నది, చూసుకొంటాము అని మా పైలట్ చెప్పినాడు. చెవిలోని గొట్టం తీసి ఆ సంగతి ఆమెకు చెప్పినాము. ఆమె చేయి సడలినది. విమానం అదే, దూరమూ అదే. మనిషికి వెరపు పుట్టించేది తెలియకపోవుటే.

మహాసముద్రం మీద ఈ గొంతులు వినబడవు. ఈ తరంగాలు చూపు ఆనేంత దూరమే పోతవి. అక్కడ నేడు చాలావరకు అక్షరాలే కాక్‌పిట్ తెర మీదికి వస్తవి. దానివల్ల మాట పొరబడే ప్రమాదం తగ్గినది, సంతోషమే. కాని గొంతుతో మాట్లాడితే, ఇద్దరి సంభాషణను దారినపోయే విమానాలన్నీ వింటవి. ఒకరి పొరపాటును మూడవవాడు పట్టుకొని, ‘ఆ మాట మీకు కాదు’ అని దిద్దే వీలున్నది. అక్షరానికి ఆ ఇరుగుపొరుగు లేదు.

మా వృత్తిలో తిరిగి చెప్పేవారు లేరు. తుఫాను కాలంలో ఏ రేవులో ఎన్నవ నంబరు ప్రమాద సూచిక ఎగురవేసినారో చదువుతాము. ఆ అంకెను దివిసీమలో ఒక ఇల్లు ఎట్లా విన్నదో మాకు తెలిసే దారి లేదు. అందుకే నెమ్మదిగా చదువుతాము, రెండుసార్లు చదువుతాము. తక్కిన సగం పని శ్రోతలది. ఆ అంకె విన్నవారు పక్కింటివారికి చెప్పినప్పుడు, ‘ఏమన్నానో మీరొకసారి చెప్పండి’ అని అడగండి. టెలిఫోనులో కొడుకు మందు మోతాదు చెప్పినప్పుడు, తల్లి దానిని తిరిగి అనవలెను. ఇందులో అవమానమేమీ లేదు. వేలమంది ప్రాణాలు చేతిలో పెట్టుకొన్న పైలట్లూ కంట్రోలర్లూ రోజంతా చేసే పని ఇదే.