లినక్స్ డెస్క్‌టాప్: పూచీ ఎవరిది?

ఈ ఉపన్యాసం ఇయాన్ మర్డాక్ స్మృతికి అంకితం. టోర్వాల్డ్స్ కెర్నెల్ కథ, గ్నూ ఉద్యమ కథ ఈ సభకు చెప్పనక్కర్లేదు. నేను నిలబెట్టదలచిన మాట ఒక్కటే. లినక్స్‌ను మామూలు మనుషుల చేతికి అందించింది తెర మీది సొగసు కాదు. లోపలి సరంజామా మొత్తానికి ఎవరో ఒకరు పూచీ పడటం. ఆ పూచీకి పునాది వేసినవాడు మర్డాక్.

1993లో ఆయన ఇండియానాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో విద్యార్థి. అప్పట్లో పేరున్న ఎస్‌ఎల్‌ఎస్ డిస్ట్రో తప్పులతడకగా ఉండేది, దాని బాగోగులు చూసే దిక్కు లేదు. ఆగస్టు 16న ఆయన డెబియన్‌ను ప్రకటించారు. డిస్ట్రోను కూర్చటం కూడా కెర్నెల్ లాగే బాహాటంగా, శ్రద్ధగా సాగాలన్నది ఆయన పట్టుదల. దాని ఆచరణ ఎలాంటిదో ఏ డెబియన్ ప్యాకేజీని విప్పి చూసినా తెలుస్తుంది. లోపల కంట్రోల్ అనే చిన్న ఫైలు ఉంటుంది. ఒక వరుసలో ఆ ప్యాకేజీని చూసుకునేవారి పేరు, చిరునామా. మరో వరుసలో అది నడవటానికి ఇంకే ప్యాకేజీలు, ఏ వెర్షన్ నుంచి కావాలన్న వివరం. 1999 మార్చిలో డెబియన్ 2.1తో వచ్చిన ఆప్ట్ ఈ వరుసలన్నీ చదివి, కావలసినవి తానే తెచ్చి, సరైన క్రమంలో అమర్చేది. ఆ రోజుల్లో చాలా డిస్ట్రోలలో ఆ వెతుకులాట వాడేవాళ్ల నెత్తినే ఉండేది.

ఇక్కడే కొందరు చరిత్రకారులతో నాకు పేచీ. వారి లెక్కలో సామాన్యుల లినక్స్ 2004 అక్టోబరులో ఉబుంటు 4.10తో మొదలైంది, అందుకు కారణాలు మార్క్ షటిల్‌వర్త్ డబ్బు, గ్నోమ్ 2 డెస్క్‌టాప్ తేటదనం. తేటదనం మాట కొంత నిజమే. 2001లో సన్ మైక్రోసిస్టమ్స్ వాడుకరులను కూర్చోబెట్టి గ్నోమ్‌ను పరీక్షించింది. 2002 జూన్‌లో వచ్చిన గ్నోమ్ 2లో సెట్టింగుల రద్దీ బాగా తగ్గింది. 2005లో టోర్వాల్డ్స్ అంతటివారే ఆ తగ్గింపుపై మండిపడి, దానికి పోటీ డెస్క్‌టాప్ అయిన కేడీఈ వాడమన్నారు. అయితే కోరెల్ సంగతేమిటి? 1999లో వచ్చిన కోరెల్ లినక్స్ వెనుక పెద్ద కంపెనీ ఉంది, మౌస్‌తో నాలుగు క్లిక్కుల్లో నడిచే ఇన్‌స్టాలర్ ఉంది. 2001కల్లా ఆ విభాగం చేతులు మారింది. ఉబుంటు 4.10 మాత్రం అక్షరాల తెరలతోనే ఇన్‌స్టాల్ అయ్యేది. మౌస్‌తో నడిచే ఇన్‌స్టాలర్ 2006 జూన్‌లో 6.06తో గానీ స్థిరపడలేదు. సొగసే గీటురాయి అయితే గెలవాల్సింది కోరెల్.

ఉబుంటు లాగే కోరెల్ కూడా డెబియన్ మీద కట్టిందే కదా అని అడగవచ్చు. సరైన ప్రశ్నే. పునాది ఒక్కటి చాలదు, పూచీ కొనసాగాలి. కోరెల్ పూచీ కంపెనీ ఆసక్తితోనే ముగిసింది. ఉబుంటు ఆరు నెలలకోసారి డెబియన్ నుంచి కొత్త ప్యాకేజీలు తెచ్చుకుని, ప్రతి విడుదలకూ 18 నెలల భద్రతా సవరణలకు మాట ఇచ్చింది. ఒక పనికి ఒకే ప్రోగ్రాం చొప్పున, బ్రౌజరుకు ఫైర్‌ఫాక్స్‌ను, ఆఫీసు పనికి ఓపెన్‌ఆఫీస్‌ను ఎంచిపెట్టి, వాడేవారి మీది ఎంపిక బరువు తానే మోసింది. షటిల్‌వర్త్ డబ్బుకు విలువ వచ్చింది ఈ పనివల్లే.

సమయం మించుతోంది కనుక గ్నోమ్ 3, వేలాండ్, స్టీమ్ డెక్‌లను పేర్లతోనే దాటేస్తున్నాను. మన తెలుగు వత్తులు తెరపై సరిగ్గా కుదురుకోవటం వెనుక పాంగో, హార్ఫ్‌బజ్ లైబ్రరీలను కనిపెట్టుకుని ఉన్నవారి శ్రమ ఉందన్నది మాత్రం మరువలేం. ఏ డిస్ట్రోలోనైనా నడిచేలా ప్రోగ్రాములను పంచే ఫ్లాట్‌ప్యాక్ వచ్చాక పూచీలో కొంత డిస్ట్రో నుంచి ప్రోగ్రాం రాసినవారికి మారుతోంది. వైఫై వంటివాటికి కావలసిన, స్వేచ్ఛా లైసెన్సు లేని ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలర్‌లోనే ఇవ్వాలని డెబియన్ సభ్యులు 2022లో ఓటు వేశారు. 2023 జూన్‌లో డెబియన్ 12తో అది అమలైంది. సిద్ధాంతం పలచబడిందన్న బాధ నాకు అర్థమవుతుంది. కానీ నెట్టే అందని కంప్యూటర్‌ను మామూలు మనిషి చేతిలో పెట్టి, ఇక నీ పాట్లు నువ్వు పడమనడం పూచీ కాదు. రేపు ఏ కొత్త డెస్క్‌టాప్ వచ్చినా దాని రంగుల కంటే ముందు అడగాల్సింది ఇదే: చెడిపోయిన రోజున దీనికి జవాబు చెప్పేదెవరు?