తెలుగు ఫైల్ చెత్తచెత్తగా కనిపిస్తోందా? సేవ్ మాత్రం నొక్కొద్దు!

తెలుగు ఫైల్ ఓపెన్ చేస్తే పిచ్చి గీతలు కనిపించాయనుకోండి, కంగారుపడి సేవ్ నొక్కొద్దు. ముందు ఆ చెత్త ఏ రకమో చూడండి.

డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తే ఆ కంప్యూటర్లో తెలుగు ఫాంట్ లేదని, అంతే. అక్షరాలు లోపల భద్రంగా ఉన్నాయి. ఎక్స్‌పీ రోజుల్లో గౌతమి ఉండేది, ఇప్పుడు విండోస్‌తో నిర్మలా యూఐ వస్తోంది కాబట్టి ఈ బాధ చాలావరకు పోయింది.

రెండో రకంలో నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ 'ఏ', పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, లైన్ నిండా ఇదే గోల. ఇది కనిపిస్తే నాకైతే హాయిగా ఉంటుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌కి మూడు బైట్లు. సాఫ్ట్‌వేర్ వాటిని మూడు విడివిడి గుర్తులుగా చదువుతోంది. సరుకు మంచిదే, చదవడంలోనే తేడా. సీఎస్‌వీ ఫైల్‌ని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేస్తే ఎక్కువగా ఇదే జరుగుతుంది. ఖాళీ ఎక్సెల్ తెరిచి, డేటా మెనూలో 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ'కి వెళ్లి, ఫైల్ ఒరిజిన్ దగ్గర 65001 అంటే యూటీఎఫ్-8 సెలెక్ట్ చేయండి. పేర్లన్నీ తెలుగులో వచ్చేస్తాయి.

భయపడాల్సింది వరసగా క్వశ్చన్ మార్కులు కనిపిస్తే. తెలుగు రాని ఎన్‌కోడింగ్‌లో ఎవరో సేవ్ చేసేశారన్నమాట. అక్షరాలు పోయి నిజంగానే క్వశ్చన్ మార్కులు మిగిలాయి. ఏ ఫాంటూ వాటిని వెనక్కి తేలేదు. మెయిల్లోనో వాట్సాప్‌లోనో పాత కాపీ ఉందేమో వెతుక్కోవడమే.

ఇక మన ఏరియా స్పెషల్. దిల్‌సుఖ్‌నగర్ డీటీపీ షాపుల్లో పెళ్లి పత్రికలు, కోచింగ్ మెటీరియల్ ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టారు. పీడీఎఫ్ చూస్తే ముచ్చటగా ఉంటుంది. ఒక లైన్ కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి, ఇంగ్లిష్ అక్షరాల కిచిడీ! ఎందుకంటే లోపల తెలుగే లేదు. యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగుకి సొంత స్థానాలున్నాయి. ఈ ఫాంట్లు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టాయి. డీటీపీ వాళ్లని తిట్టకండి, వాళ్లకి కావాల్సింది ప్రింట్, అది అందంగానే వచ్చింది.

ఎల్బీనగర్‌లో మాకు తెలిసిన రిటైర్డ్ మాస్టారు ఒకాయన తన ఊరి చరిత్ర రాసి అలాంటి ఒక షాపులోనే టైప్ చేయించారు. షాపు మూసేస్తున్నారు, సిస్టమ్ పాత సామాన్లకి వేసేస్తారట అని ఆయన ఫోన్ చేశారు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001 నాటిది, నా ల్యాప్‌టాప్‌లో ఆ ఫైళ్లు తెరుచుకోవు. అందుకే ఆ పాత సిస్టమ్ మీదే తెరిచి టెక్స్ట్ బయటికి తీశాం, పీడీఎఫ్ కూడా చేసుకున్నాం. ఫాంట్ పేరు, అను వెర్షన్ ఎంతో షాపాయన్ని అడిగి రాసుకున్నాం. కన్వర్టర్‌కి వెర్షన్ తప్పు చెబితే మళ్లీ చెత్తే.

యూనికోడ్‌లోకి మార్చాక కూడా ఒత్తులు అక్కడక్కడా తప్పాయి. పీడీఎఫ్ చూసి మాస్టారు చదవడం, నేను దిద్దడం. మూడు ఆదివారాలు పట్టింది. ఆఖర్న ఆయన, "మా నాన్న పేరు కొట్టు బాబూ" అన్నారు. కంట్రోల్-ఎఫ్ కొడితే పదకొండు చోట్ల వచ్చింది. ఒక్కోచోట ఆగి, ఆ పేరా మొత్తం నాతో చదివించుకున్నారు.

మీ ఇంట్లో తాతయ్య పుస్తకమో, నాన్న రాసిన పాటలో ఇలా ఉంటే ఆ షాపు తెరిచి ఉండగానే వెళ్లండి. ఫైల్ కాపీ, ఫాంట్ పేరు, వెర్షన్ నంబర్, ఈ మూడూ అడిగి తెచ్చుకోండి. కన్వర్ట్ చేయడం స్టెప్ బై స్టెప్ నెక్స్ట్ ఎపిసోడ్‌లో స్క్రీన్ మీదే చూపిస్తా.