ఓడ మీద కూడా కులముంది
(తిరుచానూరు దళితవాడలో జరిగిన సంతాపసభలో చేసిన ప్రసంగం)



మన మిలిట్రీ తాత పోయి మూడు నెలలైంది. ఆయన నిజానికి మిలిట్రీ కాదు, నేవీ. ఊర్లోవాళ్లకు రెండూ ఒకటే. పంచమి తీర్థం నాడు లక్షల మంది మునిగే పద్మసరోవరానికి కూతవేటు దూరంలో పుట్టిన మనిషి, పదిహేనేండ్లు సముద్రం మీద బతికినాడు. 1971 డిసెంబరులో విక్రాంత్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేసినప్పుడు ఆయన ఆ ఓడ మీదే ఉన్నాడు.

ఆ ఓడ మీద ఆయన చేసిన పని ఏంది? సంతాపసభల్లో ఇట్లాంటివి చెప్పరు. మేం చెప్తాం. ఆయన 'టోపాస్'. అంటే కక్కసులు కడిగే నావికుడు. బ్రిటిషోళ్ల కాలం నుంచి వచ్చిన పేరది. ఫిరంగి పేల్చేవాడికి, ఇంజను చూసేవాడికి చదువు అర్హత. చీపురు పట్టేవాడికి పుట్టుకే అర్హత అయింది. ఆ పనికి ఏ వాడల నుంచి పోయినారో మనకు ఒకరు చెప్పాల్నా?

1946 ఫిబ్రవరిలో బొంబాయి తల్వార్ నౌకా కేంద్రంలో కమాండర్ కింగ్ అనే తెల్ల అధికారి నావికులను కూలీ కొడుకులని తిట్టినాడు. పాడు తిండి, జీతాల్లో తేడా, ఈ తిట్టు, అన్నీ కలిసి ఆ నెల 18న సమ్మె మొదలైంది. 78 ఓడలు, 20 వేల మంది నావికులు లేచినారు. ఆ పోరాటానికి మేం చేతులెత్తి మొక్కుతాం. అయితే ఒక ప్రశ్న అడుగుతాం. తెల్లోడి నోట తిట్టుగా వచ్చింది అందరికీ అవమానమైంది. అదే అవమానం మనోళ్లకు ఉద్యోగం పేరై జాబితాల్లో కూర్చుంది. తెల్లోడు పోయినా దశాబ్దాల పాటు ఆ పేరు పోలేదు. తర్వాత 'హైజీనిస్ట్' అన్నారు. పేరు మారింది గానీ పని మారలేదు.

తాత పింఛనుతో ఇంటికొచ్చినాక చీపురు ముట్టలేదు, బిడ్డల చేత ముట్టించలేదు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగినప్పుడు ఛాతీకి మెడల్ తగిలించుకొని మన ఊరేగింపుల్లో ముందు నడిచినాడు. దేశం ఇచ్చిన మెడల్‌తోనే దేశాన్ని నిలదీసినాడు.

ఇప్పుడు అవ్వకు కుటుంబ పింఛను రావాల. సర్వీసు కాగితంలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు అని ఆఫీసులో తిప్పుతున్నారు. అది భిక్ష కాదు, ఆయన పదిహేనేండ్ల కష్టం. ఈసారి ఆఫీసుకు అవ్వ ఒక్కతే పోగూడదు. చదువుకున్న పిల్లోళ్లు కాగితాలు పట్టుకొని ఆమె వెంట నడవాల. ప్రతి పల్లెలో ఇట్లాంటి అవ్వలు ఎందరున్నారో లెక్క తీయాల.

అంబేద్కర్ భవనంలో తాత ఫోటో పెడతామన్నారు, సంతోషం. దాని కింద నావికుడని రాయండి. ఓడ మీద ఆయన చేత ఏ పని చేయించినారో అది కూడా రాయండి. సిగ్గుపడాల్సింది ఆయన కాదు, చేయించినోళ్లు.

జై భీమ్.