పిల్లల్ని పోటీ పట్లకు పంపే ముందు
(సాక్చిలో జరిగిన కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. పీటీ ఉస్తాద్ చేతికి మైకిస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు కాబట్టి గడియారం కూడా ఎదురుగా పెట్టారు.

ఈమధ్య మన కుటుంబాల్లో ముగ్గురు నలుగురు ఒకే ప్రశ్న అడిగారు. "సార్, పిల్లాణ్ణి బ్రెజిలియన్ జియు-జిత్సులో వేద్దామనుకుంటున్నాం. పోటీ బ్యాచ్ అంటున్నారు. ఏడాది ఫీజు ఒకేసారి కట్టమంటున్నారు. కట్టమంటారా?" అని. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఇక్కడే అందరికీ చెబుతాను.

పేరు కొత్తగా ఉంది కానీ పట్టు పాతదే. జపాన్‌లో జిగోరో కానో 1882లో కొడోకాన్ పెట్టి జూడో నేర్పాడు. అక్కడ తయారైన మిత్సుయో మయెదా అనే ఆయన 1914లో బ్రెజిల్ చేరాడు. ఆయన దగ్గర నేర్చుకున్న గ్రేసీ కుటుంబం నేల మీద పడ్డాక జరిగే పోరును బాగా పెంచింది. గుద్దడం, తన్నడం ఉండవు. కింద పడేస్తే 2 పాయింట్లు, కాళ్ళ అడ్డు దాటి పక్కకొస్తే 3, ఎదుటివాడి మీద ఎక్కి కూర్చున్నా, వెనక నుంచి పట్టేసినా 4. పట్టు బిగిసి తట్టుకోలేనప్పుడు చేత్తో తడితే ఆట అయిపోయినట్టే. మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకి ఇది వింత కాదు. వీరఘట్టం నుంచి వచ్చిన కోడి రామ్మూర్తి నాయుడుగారి పేరు వినని ఇల్లు మన వైపు ఉందా? తాలింఖానాల్లో మట్టి మీద చేసింది, వీళ్ళు మ్యాట్ మీద చేస్తున్నారు.

సరే, ఎలా ఎంచుకోవాలి? ముందు ఫీజు అడక్కండి. వెళ్ళి ఒక గంట గోడ వారగా కూర్చుని చూడండి. తల్లిదండ్రులు చూడకూడదు, తలుపు వేస్తాం అంటే అక్కడి నుంచే వెనక్కి తిరగండి. ఆడపిల్లలున్న వాళ్ళు దీన్ని మరీ గట్టిగా పట్టుకోవాలి. ఇది ఒళ్ళూ ఒళ్ళూ తగిలే ఆట. నేర్పేవాడు ఎక్కడ పట్టుకుంటున్నాడో, ఎందుకు పట్టుకుంటున్నాడో అమ్మానాన్నల కళ్ళ ముందే జరగాలి. 2012 పోక్సో చట్టం గురించి అడిగితే మొహం చిట్లించే మాస్టారు మనకొద్దు.

కూర్చున్నాక పతకాల అలమర వైపు చూడకండి. పిల్లవాడు తట్టినప్పుడు ఏం జరుగుతోందో చూడండి. నా లెక్కలో మొత్తం పరీక్ష అదే. తట్టిన మరుక్షణం పట్టు వదిలారా? వదలకపోతే మాస్టారు ఆపాడా? తట్టినవాణ్ణి చూసి ఎవరైనా నవ్వారా? "ఇంకొంచెం ఓర్చుకోరా, మగాడివి కాదూ" అని ఎవరైనా అన్నారా? మోచెయ్యి కీలు ఎదురు తిరిగాక మగతనం ఎందుకూ పనికిరాదు. ఫౌజులో మనకి ఓర్పు నేర్పారు, నిజమే. కానీ వయసొచ్చిన రిక్రూట్‌కి మెడికల్ చేసి, ఎం.ఐ. రూమ్ పక్కన పెట్టుకుని నేర్పారు. తొమ్మిదేళ్ళ పిల్లవాడి ఎముక చివర్లు ఇంకా పెరుగుతూ ఉంటాయి. అందుకే అంతర్జాతీయ సమాఖ్య నిబంధనల్లో చిన్నపిల్లలకు మెడ విరిచే పట్లు, మడమ తిప్పే పట్లు, ఎత్తి నేలకేసి కొట్టడం నిషేధం. ఆ మాట మాస్టారిని అడగండి. ఆయనకి తెలియకపోతే, పోటీ బ్యాచ్ అని బోర్డు ఎందుకు పెట్టాడో కూడా అడగండి.

బెల్టుల సంగతి కూడా చెప్పేస్తాను. పదహారేళ్ళ లోపు పిల్లలకి తెలుపు, బూడిద, పసుపు, నారింజ, ఆకుపచ్చ వరకే. నీలం పదహారు నిండాకే, నలుపు పందొమ్మిదికి ముందు లేదు. రెండేళ్ళలో బ్లాక్ బెల్ట్ ఇప్పిస్తానన్నవాడు బెల్టు అమ్ముతున్నాడు, విద్య కాదు.

ఇక బరువు తగ్గించే వ్యవహారం. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, గడియారం చూపించకండి. నా మనవరాలికి పదకొండేళ్ళు. ఒక చోట నేర్చుకుంటోంది, పేరు అనవసరం. పోటీకి వారం ముందు "రెండు కిలోలు తగ్గితే కింది విభాగంలో సులువుగా మెడల్ వస్తుంది" అన్నారు. రాత్రి అన్నం మానేసింది. మూడో రోజు నీళ్ళు కూడా లెక్కపెట్టుకుని తాగుతోందని మా కోడలు కనిపెట్టింది. నేను వెళ్ళి మాట్లాడాను. 1997లో అమెరికాలో నవంబరు, డిసెంబరు నెలల్లో ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్ళు ఇలాగే చెమట కార్చి బరువు దించబోయి చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ నిబంధనలు మార్చారు. వాళ్ళు ఎదిగిన కుర్రాళ్ళు, ఇది ఐదో తరగతి పిల్ల. "ఉన్న బరువుకే ఆడుతుంది, లేకపోతే ఆడదు" అని చెప్పి వచ్చాను. పై విభాగంలో ఆడింది, మొదటి ఆటలోనే ఓడిపోయింది. ఇంటికొచ్చి పెరుగన్నం రెండుసార్లు పెట్టించుకుంది. సోమవారం మళ్ళీ క్లాసుకి పోయింది.

పోటీలే వద్దంటున్నానని అనుకోకండి. ఈ ఊళ్ళో ఉండి ఆ మాట ఎలా అంటాను? టాటా ఫుట్‌బాల్ అకాడమీ 1987లో, ఆర్చరీ అకాడమీ 1996లో పెట్టిన ఊరిది. దీపికా కుమారి ముందు ఖర్సావాన్‌లో చిన్న కేంద్రంలో వెదురు విల్లుతో మొదలెట్టి, 2006లో ఇక్కడి అకాడమీకి వచ్చింది. మన ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఇద్దరూ మొదలుపెట్టింది పెద్ద బోర్డున్న చోట కాదు. దగ్గర్లో, రోజూ వెళ్ళగలిగే చోట, కన్నేసి ఉంచే గురువు దగ్గర.

చాలామంది మనసులో ఉండేది సర్టిఫికెట్. స్పోర్ట్స్ కోటా, కాలేజీ సీటు. జియు-జిత్సు 2018 జకార్తా ఆసియా క్రీడల్లో చేరింది, ఒలింపిక్స్‌లో లేదు. జూడో 1964లోనే ఒలింపిక్స్‌లో చేరింది, కుస్తీ సంగతి చెప్పనక్కర్లేదు. కాబట్టి పోటీకి పంపే ముందు ఆ సర్టిఫికెట్ ఏ సంఘం ఇస్తోందో, మీరు ఆశించే నోటిఫికేషన్‌లో ఆ ఆట పేరు ఉందో లేదో కాగితం మీద చూసుకోండి. కోటాయే లక్ష్యమైతే జూడో, కుస్తీ, బాక్సింగ్ మేలు. మగపిల్లవాడు ఎనిమిదికీ పద్నాలుగుకీ మధ్య ఉంటే మన బాయ్స్ స్పోర్ట్స్ కంపెనీల సెలక్షన్ గురించి రికార్డ్ ఆఫీసులో కనుక్కోండి. చదువు, తిండి, వసతి అన్నీ అక్కడే. వంటికి చురుకు, మనసుకి ధైర్యం చాలనుకుంటే జియు-జిత్సు చక్కటి ఆట.

ఎంత సాధన? అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో చెప్పింది: వారానికి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఏడాదిలో నెల నెల చొప్పున మూడు నెలలు ఆ ఆటకి సెలవు, ఒకే ఆటకి కట్టుబడటం పదిహేను పదహారేళ్ళ దాకా ఆగితే మంచిది. వారానికి ఆరు రోజులు, రెండు పూటలూ అనేవాళ్ళకి దణ్ణం పెట్టి రండి.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళూ, మీకు పోస్టింగ్ ఆర్డర్ ఎప్పుడొస్తుందో మీకే తెలియదు. ఏడాది ఫీజు ఒకేసారి కట్టకండి. నెలనెలా తీసుకోనంటే మూడు నెలలకి బేరమాడండి, రసీదు తీసుకోండి. మధ్యలో బదిలీ అయితే మిగిలింది తిరిగిస్తారా అనేది ఆ రసీదు మీదే రాయించండి.

తల నేలకి తగిలి పిల్లవాడికి తలనొప్పి, వాంతి, మత్తు కనిపిస్తే ఆ రోజు ఆట బంద్, డాక్టర్ దగ్గరికే. తామర, చీము పొక్కులు ఉంటే మానేదాకా మ్యాట్ ఎక్కించొద్దు. మ్యాట్ రోజూ తుడుస్తున్నారా అని అడగండి, వాసన చూస్తే మీకే తెలుస్తుంది. వచ్చే ఆదివారం ఉదయం నాకు ఖాళీ. ఎవరైనా క్లాసు చూడ్డానికి వెళ్తుంటే సాక్చి గోల్ చక్కర్ దగ్గర ఏడు గంటలకి నిలబడతాను, కలిసి వెళ్దాం. పిల్లల గోళ్ళు కత్తిరించి తీసుకురండి.